ఇద్దరూ కలిసి బైక్ రైడింగ్: ఒకే బండి మీదైనా, రెండు బండ్ల మీదైనా

జంటగా బైక్ మీద తిరుగుదామనుకున్నవాళ్లు ఏ బండి కొనాలి, ఎక్కడికి వెళ్లాలి అని గంటలు గంటలు మాట్లాడుకుంటారు. వెనక సీటు ఊసు మాత్రం రాదు. మొదటి ప్రయాణంలో వెనక కూర్చున్న మనిషికి నడుం పట్టేసి, ప్రతి మలుపులోనూ గుండె జారిపోతే రెండో ప్రయాణం ఇక ఉండదు. వెనక కూర్చున్నవాళ్లకూ బండి నడపడంలో పని ఉంది. ఆ పనేంటో వాళ్లకు తెలియాలి, వాళ్ల మాట చెల్లాలి. ఇద్దరిలో ఎవరు ‘ఆపు’ అన్నా బండి ఆగాలి, ‘ఎందుకు’ అని ఆగాక అడగొచ్చు. ఈ ఒప్పందం కుదిరాకే మిగతావి.

బండిని ఇద్దరికి సిద్ధం చేయడం

చాలా బండ్లు ఫ్యాక్టరీ నుంచి ఒక్క మనిషికి సరిపడా సెట్టింగ్‌తో వస్తాయి. ఇంకో 60–70 కిలోలు వెనక ఇరుసు మీదకు చేరితే బండి తీరే మారిపోతుంది. ముందు మాన్యువల్‌లో గరిష్ఠ బరువు ఎంతో చూడండి. అందులో ఇద్దరి బరువు, హెల్మెట్లు, జాకెట్లు, సామాను, బిగించిన బాక్సులు అన్నీ కలిసే ఉంటాయి. బాక్సులు, వాటి ఫ్రేములు లెక్కలో వేసుకోకపోతే పరిమితి ఎప్పుడు దాటామో కూడా తెలియదు.

తర్వాత టైర్ల గాలి. స్వింగ్‌ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీ) మీదో చైన్ కవర్ మీదో ఉండే స్టిక్కర్‌లో ఒక్కరికి ఒక అంకె, ఇద్దరికి ఒక అంకె ఇస్తారు. సాధారణంగా వెనక టైర్‌లో మూడు నాలుగు పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఎక్కువ ఉంటుంది, ముందు టైర్‌లో మార్పు తక్కువ, ఒక్కోసారి అసలు ఉండదు. టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి, అంటే బండి కనీసం మూడు గంటలు ఆగి ఉండాలి. వేడి టైర్‌లో రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీసేస్తే చల్లారాక తక్కువైపోతుంది. తక్కువ గాలితో ఇద్దరు వెళితే టైరు పక్కలు అతిగా వంగి వేడెక్కుతాయి, మలుపులో వెనకభాగం ఊగుతున్నట్టు అనిపిస్తుంది.

సస్పెన్షన్ ప్రీలోడ్‌ను, అంటే వెనక స్ప్రింగ్‌ను ముందే ఎంత నొక్కి ఉంచాలో పెట్టే సర్దుబాటును, చాలామంది ముట్టుకోరు. దీన్ని కొలిచి పెట్టాలి. ఓపికగా చేస్తే అరగంట పని, టేపు పట్టుకోవడానికి మూడో మనిషి కావాలి.

1. బండిని సెంటర్ స్టాండ్ మీద నిలిపి, వెనక చక్రం గాల్లో ఉండగా ఇరుసు మధ్య నుంచి నిట్టనిలువుగా పైన సీటు కింది భాగంలో ఒక గుర్తు వరకు కొలవండి.
2. స్టాండ్ తీసి, ఇద్దరూ హెల్మెట్, జాకెట్ అన్నీ వేసుకుని కూర్చుని కాళ్లు ఫుట్‌రెస్ట్‌ల మీద పెట్టండి. మూడో మనిషి బండిని నిటారుగా పట్టుకుని అదే దూరం మళ్లీ కొలవాలి.
3. రెండు కొలతల తేడానే శాగ్. వెనక చక్రం మొత్తం కదలికలో ఇది సుమారు మూడో వంతు ఉండాలి. కదలిక 120 మి.మీ. అయితే 36–40 మి.మీ.
4. తేడా ఎక్కువుంటే సి ఆకారపు స్పానర్‌తో ప్రీలోడ్ ఒక మెట్టు పెంచి మళ్లీ కొలవండి. వెనక రెండు షాక్ అబ్సార్బర్లున్న బండిలో రెండు వైపులా ఒకే మెట్టు ఉండాలి.

చివరి మెట్టుకు తిప్పినా శాగ్ తగ్గకపోతే మీ ఇద్దరి బరువుకు ఆ స్ప్రింగ్ మెత్తన. ప్రీలోడ్ వల్ల స్ప్రింగ్ గట్టిపడదు, బండి వెనకభాగం పైకి లేస్తుంది అంతే. అప్పుడు గట్టి స్ప్రింగ్ వేయించుకోవాలి. రీబౌండ్ స్క్రూ (నొక్కుకున్న స్ప్రింగ్ తిరిగి లేచే వేగాన్ని సర్దేది) ఉంటే అది కూడా ఒకటి రెండు క్లిక్కులు బిగించండి. లేకపోతే గతుకు దాటాక వెనకభాగం రెండు మూడుసార్లు ఎగిరెగిరి పడుతుంది, ఆ దెబ్బ తగిలేది వెనకవారికే.

వెనకభాగం కుంగితే హెడ్‌లైట్ పైకి లేచి ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. గోడ ముందు ఒక్కరే కూర్చున్నప్పుడు వెలుగు ఎక్కడ పడుతుందో సుద్దతో గుర్తు పెట్టి, ఇద్దరూ కూర్చున్నాక మళ్లీ ఆ గీతకు దించండి.

చైన్‌ను ఇద్దరూ కూర్చుని ఉండగా ఎవరితోనైనా తాకించి చూడండి. గేర్‌బాక్స్ పళ్ల చక్రం, స్వింగ్‌ఆర్మ్ కదిలే కీలు (పివట్), వెనక ఇరుసు ఒకే గీతలోకి వచ్చినప్పుడు చైన్ అన్నిటికన్నా బిగుతుగా ఉంటుంది. ఖాళీ బండిలో సరిగ్గా ఉన్న చైన్ ఇద్దరెక్కాక తీగలా బిగుసుకుంటే గేర్‌బాక్స్ పళ్ల చక్రాన్ని తిప్పే ఇరుసు (అవుట్‌పుట్ షాఫ్ట్) బేరింగ్, చైన్ రెండూ త్వరగా పోతాయి. బరువు మీద కూడా చేతితో కాస్త కదిలేంత వదులు ఉండాలి.

ఎక్కడం, దిగడం

బండ్లు ఎక్కువగా పడేది వేగంలో ఉన్నప్పుడు కాదు, ఆగి ఉన్నప్పుడు. అందుకే ఈ క్రమం ప్రతిసారీ ఒకేలా ఉండాలి. ముందువారు ఎక్కి, స్టాండ్ తీసి, రెండు కాళ్లూ నేల మీద గట్టిగా ఆనించి, ముందు బ్రేక్ నొక్కి పట్టుకుని ‘ఎక్కు’ అనాలి. ఆ మాట వినపడేదాకా వెనకవారు బండిని తాకకూడదు. ఎడమవైపు నుంచి, ఎడమ చేయి ముందువారి ఎడమ భుజం మీద వేసి, ఎడమ పాదం ఫుట్‌రెస్ట్ మీద పెట్టి, శరీరాన్ని బండి మధ్యకు వంచుతూ కుడికాలు సీటు మీదుగా తిప్పాలి. బరువంతా ఫుట్‌రెస్ట్ చివర వేసి నిలువుగా నిలబడితే బండి ఎడమకు లాగుతుంది. పొడవు సరిపడేవాళ్లు ఫుట్‌రెస్ట్ తొక్కకుండా నేరుగా కాలు తిప్పి కూర్చుంటే ఇంకా మంచిది. సర్దుకున్నాక వెనకవారు ‘సరే’ అంటారు, అప్పుడే గేరు.

దిగేటప్పుడూ ఇదే, వెనక్కి. ‘దిగు’ అనకముందే దిగడం మొదలుపెడితే ముందువారు ఒంటికాలి మీదున్న క్షణంలో బండి ఒరిగిపోతుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వెనకవారి కాళ్లు ఫుట్‌రెస్ట్‌ల మీదే ఉండాలి. సాయం చేద్దామని కాలు కింద పెడితే సైలెన్సర్‌కు పిక్క కాలుతుంది, బరువు ఒక పక్కకు జరుగుతుంది.

కదలికలో వెనకవారి పని

మలుపులో చేయాల్సింది ఒక్కటే: మలుపు ఎటు ఉంటే ముందువారి ఆ వైపు భుజం మీదుగా రోడ్డును చూడాలి. తల అటు తిరిగితే ఒళ్లు దానంతట అదే సరిపడా వంగుతుంది. భయంతో నిటారుగా కూర్చుంటే బండి మలుపు బయటకు జారుతుంది, ముందువారు ఇంకా వంచాల్సి వస్తుంది. అతి ఉత్సాహంతో ముందే వంగినా ఇబ్బందే.

చేతులు ఒకటి ముందువారి నడుం దగ్గర, ఒకటి వెనక గ్రాబ్ రెయిల్ (పట్టుకునే కడ్డీ) మీద ఉంటే వేగం పెరిగినా తగ్గినా ఆధారం దొరుకుతుంది. గట్టి బ్రేక్ పడుతుందని తెలిసినప్పుడు చేయి చాపి పెట్రోల్ ట్యాంక్ మీద ఆనించాలి. అందకపోతే తొడలతో ముందువారి నడుమును నొక్కి పట్టాలి. లేకపోతే వెనక బరువంతా ముందువారి వీపు మీద, అక్కడి నుంచి వాళ్ల చేతుల మీద, చివరకు హ్యాండిల్ మీద పడుతుంది. బ్రేక్‌లో ఉన్న బండికి హ్యాండిల్ మీద ఒత్తిడి రావడం ప్రమాదం.

హెల్మెట్లు ఒకదానికొకటి టక్కున తగులుతున్నాయంటే తప్పు దాదాపు ఎప్పుడూ ముందువారిదే. రెండు చోట్ల జరుగుతుంది. గేరు పెంచేటప్పుడు యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా మూసేస్తే ఇంజిన్ బండిని పట్టి లాగుతుంది, వెనక తల ముందుకొస్తుంది. క్లచ్ తిరిగి కలిసేటప్పుడే యాక్సిలరేటర్ కొద్దికొద్దిగా అందుకోవాలి, పూర్తిగా మూయనక్కర్లేదు. రెండోది ఆగే చివరి మీటరు. బ్రేక్‌ను అదే గట్టిదనంతో పట్టి ఉంచితే బండి ఆగిన క్షణంలో ఫోర్క్ (ముందు సస్పెన్షన్) ఎగిరి ఇద్దరినీ వెనక్కి విసురుతుంది. చక్రం ఆగబోయే ముందు వేళ్లు కాస్త సడలిస్తే ఆ కుదుపు ఉండదు.

ఇద్దరున్నప్పుడు వెనక చక్రం మీద బరువు ఎక్కువ కాబట్టి వెనక బ్రేక్ ఒంటరిగా వెళ్లినప్పటికన్నా బాగా పనిచేస్తుంది. ప్రధానం ముందుదే, కానీ రెండూ కలిపి వాడాలి.

ఖాళీ స్థలంలో ఒక గంట

రోడ్డెక్కే ముందు వాహనాలు లేని చదునైన చోట ఇవి చేయండి. మొదటి గేరులో, నడక వేగంలో, వెనక బ్రేక్ లేతగా తొక్కి క్లచ్ సగం పట్టి తిన్నగా 20 మీటర్లు. తర్వాత అదే పద్ధతిలో వెడల్పు యూటర్న్, ఎనిమిది అంకె. చూపు చక్రం ముందు కాదు, వెళ్లాల్సిన చోట ఉండాలి. ఆ పైన 30 కి.మీ. వేగం నుంచి గట్టిగా ఆపడం, కుదిరాక 40, 50. వెనకవారికి ముందే చెప్పి చేయండి, నాలుగోసారికి వాళ్ల చేయి దానంతట అదే సరైన చోటికి వెళుతుంది. చివరగా ఎత్తు మీద బయలుదేరడం: వెనక బ్రేక్ పట్టుకుని, క్లచ్ పట్టు దొరికిందని తెలిశాకే బ్రేక్ వదలాలి. ఎత్తు మీద యాక్సిలరేటర్ ఎక్కువైతే ముందు చక్రం తేలికవుతుంది.

వెనకవారు ముందువారికన్నా బాగా బరువుంటే ఈ గంటను రెండు గంటలు చేయండి. నెమ్మది వేగంలో ఆ తేడాను మోయడానికి నిజంగా సాధన కావాలి.

రెండో బండి కొన్నాక

మీ తోడుకు బండి నడపడం మీరు నేర్పకండి. ప్రేమ ఉన్నచోట ఓపిక కూడా ఉంటుందనుకుంటాం గానీ, క్లచ్ పదోసారి వదిలేసి బండి ఆగిపోయినప్పుడు వచ్చే విసుగు ఇంటిదాకా వస్తుంది. పునాది శిక్షకుల దగ్గర పడనివ్వండి, మీరు పక్కన సాధనకు తోడు వెళ్లండి.

బండి ఎంపికలో ఇంజిన్ సీసీ కన్నా ముందు చూడాల్సింది సీటు ఎత్తు, బరువు. రైడింగ్ బూట్లతో కూర్చుంటే రెండు పాదాల ముందు భాగమైనా నేలకు గట్టిగా ఆనాలి. క్లచ్, బ్రేక్ లివర్లకు చేతివేళ్ల రెండో కణుపు హాయిగా అందాలి. చిన్న చేతులకు దూరం మార్చుకునే లివర్లు వేయించండి, అలసట తగ్గుతుంది.

రోడ్డు మీద ఎవరు ముందు? రద్దీలో అనుభవం ఉన్నవారు ముందుంటే మంచిది. ఖాళీ రోడ్డు మీద కొత్తవారు ముందుండాలి, వేగం వాళ్లే నిర్ణయించాలి. కొత్తవారు వెనక ఉంటే అందుకోవాలన్న తొందరలో తమ సామర్థ్యం దాటి మలుపులోకి దిగుతారు. రోడ్డును చూడడం మానేసి ముందు బండి వెనక లైట్‌నే చూస్తూ వెళతారు.

వెడల్పు రోడ్డు మీద ఒకే లేన్‌లో ఒకరు ఒక పక్క, ఇంకొకరు రెండో పక్క కాస్త వెనక. మధ్య దూరం కనీసం రెండు సెకన్లు: ముందు బండి ఒక స్తంభాన్ని దాటాక మీరు దాటడానికి పట్టే సమయం. మలుపులు, ఇరుకు రోడ్డు, వాన, గతుకులు వస్తే ఒకరి వెనక ఒకరు, మూడు సెకన్లకు పైనే. పక్కపక్కన వెళ్లకండి, గుంత తప్పించడానికి చోటుండదు.

ఓవర్‌టేక్‌లో ఎవరి నిర్ణయం వాళ్లదే. ముందు బండి దాటిందంటే మీకూ దారి ఉందని కాదు. ముందువాళ్లు దాటాక వెంటనే వేగం తగ్గించకుండా రెండోవారు దూరడానికి చోటు వదలాలి. కూడలిలో తిరిగే ముందు అద్దంలో రెండో బండి కనిపించాలి, లేకపోతే మలుపు దగ్గరే ఆగాలి. పెట్రోల్ కోసం ఆగడం చిన్న ట్యాంక్ ఉన్న బండి లెక్కన.

మాటలు, సైగలు

ఇంటర్‌కామ్ (హెల్మెట్లలో పెట్టుకుని మాట్లాడుకునే పరికరం) పెడితే రెండూ ఒకే కంపెనీవి తీసుకోండి, జత కలపడంలో తిప్పలుండవు. శబ్దం చాలట్లేదంటే ఎక్కువసార్లు తప్పు స్పీకర్ స్థానానిది. అది చెవి రంధ్రానికి సూటిగా ఉండాలి, సెంటీమీటరు పక్కకు జరిగినా మాట తెలియదు. మైకు పెదవి అంచు దగ్గర ఉండాలి. చెవుల్లో ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకుంటే గాలి హోరు తగ్గి మాట స్పష్టంగా వినిపిస్తుంది. మలుపులు, రద్దీ ఉన్న చోట కబుర్లు ఆపాలి, ‘గుంత’, ‘ఇసుక’, ‘ఆపు’ లాంటి ఒక్క మాటలు చాలు. ఇంటర్‌కామ్ లేకపోతే వెనకవారు భుజం మీద ఒకసారి తడితే నెమ్మది, రెండుసార్లు తడితే ఆపు అని ముందే అనుకోండి.

దూరం వెళ్లేటప్పుడు

వెనకవారి హెల్మెట్, జాకెట్, బూట్లు ముందువారివాటికి ఏమాత్రం తీసిపోకూడదు. వెనకవారు ఒళ్లు కదిలించే పని తక్కువ కాబట్టి చలి మొదట వాళ్లకే వేస్తుంది, ఒక పొర ఎక్కువ వేయండి. వేలాడే స్కార్ఫ్, బ్యాగు పట్టీ ఏదీ చైన్ వైపు వెళ్లకుండా లోపలికి దోపండి.

బరువైన సామాను కింద, వీలైనంత ముందుకు. టాప్ బాక్స్‌లో తేలికవి మాత్రమే, దాని మీద రాసిన పరిమితి దాటొద్దు. వెనక ఇరుసుకు అవతల బరువు చేరితే వేగంలో హ్యాండిల్ అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. అప్పుడు హ్యాండిల్‌ను బిగించి పట్టకుండా, బ్రేక్ నొక్కకుండా, యాక్సిలరేటర్ మెల్లగా తగ్గించాలి.

మొదటి ప్రయాణం మొత్తం రెండు గంటలు మించనివ్వకండి, 45 నిమిషాలకోసారి దిగండి. అలవాటయ్యాక గంట, గంటన్నరకు ఒకసారి. వెనకవారికి మోకాళ్లు నొప్పి అంటే సీటుకూ ఫుట్‌రెస్ట్‌కూ మధ్య ఎత్తు చాలలేదని, ఫుట్‌రెస్ట్ దించే బ్రాకెట్ చూడండి. ముందుకు జారిపోతున్నారంటే సీటు వాలుగా ఉందని, జారని కవర్‌తో కొంత, సీటు ఫోమ్ మార్పిస్తే పూర్తిగా పోతుంది.

తిరిగొచ్చాక చైన్ వెచ్చగా ఉండగానే తుడిచి ల్యూబ్ (చైన్ నూనె) వేయండి, లోపలిదాకా పాకుతుంది. మర్నాడు ఒక్కరే బయటికి వెళ్లేట్టయితే ప్రీలోడ్, గాలి, హెడ్‌లైట్ మూడూ పాత స్థానానికి తేవాలి. ఇద్దరి సెట్టింగ్‌తో ఒక్కరు వెళితే గతుకుల మీద వెనక చక్రం ఎగురుతూ నేల పట్టు వదిలేస్తుంది. రెండు సెట్టింగ్‌ల అంకెలూ ఒక చీటీ మీద రాసి సీటు కింద అంటించి పెట్టుకోండి.