ఇద్దరే ఉన్నప్పుడు లాక్‌లో తాడు తంటా

ఐర్లాండ్‌లో గ్రాండ్ కెనాల్ బారో లైన్ మీద మోనాస్టరెవిన్ నుంచి అథై దాకా నేనూ మా ఆవిడా నారోబోట్‌లో (కాలవల్లో తిరిగే సన్నటి పొడుగాటి పడవ) తాపీగా వెళ్తుంటే, ప్రతి లాక్ (నీళ్ళు నింపీ, తీసీ పడవని పైకీ కిందికీ మార్చే, రెండు వైపులా తలుపులున్న తొట్టి) దగ్గరా ఒకటే గొడవ: ఒకరు గట్టెక్కి కీతో (తిప్పే చేతి పిడి) నీళ్ళు వదిలే చిన్న తలుపులు తిప్పాలి, మరి పడవని పట్టుకునేదెవరు, తాడు విప్పేదెవరు?

మొదటి రెండు లాక్‌లలో అరుచుకున్నాక దొరికిన దారి ఇది. కిందికి దిగేటప్పుడు 12-15 మీటర్ల తాడు ఒక కొస పడవకి కట్టి, గట్టు మీది ఇనప గుంజ చుట్టూ ఒక్కసారి తిప్పి, రెండో కొసని పడవలో ఉన్నవాళ్ళు పట్టుకోవాలి. నీళ్ళు తగ్గే కొద్దీ చేతిలోంచి కాస్త కాస్త వదలాలి. లాక్ పెద్ద తలుపులు తెరుచుకున్నాక చేతిలోని కొస వదిలేసి, పడవకి కట్టిన వైపు నుంచి లాగితే తాడు జర్రున వచ్చేస్తుంది, మళ్ళీ గట్టెక్కే పనే లేదు.

చేతిలోని కొసకి మాత్రం ముడి ఉండకూడదు, దాన్ని చేతికి చుట్టుకోనూ కూడదు. గుంజ దగ్గర ఇరుక్కుంటే పడవ తాడుకి వేలాడుతుంది. పైకెక్కేటప్పుడు గుంజ తలకన్నా ఎత్తులో ఉంటుంది కాబట్టి కింద నుంచి విసిరితే పడదు (నాకైతే ఒక్కసారీ పడలేదు), గట్టు మీద ఉన్నవాళ్ళే కీ ముట్టుకోకముందు తాడు తిప్పి కొస కిందికి అందించాలి.