జీడితోటలో రాలాకు కాల్చకుండా పిక్కలు ఏరుకునే పద్ధతి

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడిపిక్కలు రాలే ముందు చెట్ల కింద తుక్కు ఊడ్చి నిప్పు పెట్టడం చాలా తోటల్లో కనిపిస్తుంది. పలాస, వజ్రపుకొత్తూరు, మందస వైపు ఇసుక పాలు ఎక్కువగా ఉన్న నేలలకి ఇది పెద్ద దెబ్బ. బంకమట్టి తక్కువైన నేలలో పోషకాలని పట్టి ఉంచేది ముఖ్యంగా కుళ్లిన ఆకే. దాన్ని కాలిస్తే నత్రజనిలో ఎక్కువ భాగం పొగలో పోతుంది. పొటాష్, కాల్షియం బూడిదలో మిగిలినా కొంత గాలికి ఎగిరిపోతుంది, కొంత తొలకరి వానకి కొట్టుకుపోతుంది. ఆకుని కొరికి ముక్కలు చేసే రోకలిబండ పురుగులకి, చెదలకి, వానపాములకి తిండీ నీడా లేకుండా పోతాయి.

ముందు మీ నేలలో ఏముందో చూడండి. ఆగస్టు–సెప్టెంబరులో, మంచి వాన పడిన రెండు మూడు రోజులకి, ఉదయం పూట తవ్వాలి. ఎండాకాలంలో వానపాములు లోతుకి దిగి చుట్టుకుని పడుకుంటాయి, అప్పుడు తవ్వితే లెక్క తప్పుతుంది. కొమ్మల అంచు కింద 25 సెం.మీ. పొడవు, అంతే వెడల్పు, 30 సెం.మీ. లోతున మట్టి తీసి తెల్ల పట్టా మీద చేత్తో విడదీయండి. పైనున్న ఆకుపొరని వేరుగా చూడాలి. దొరికిన వానపాముల సంఖ్యని 16తో గుణిస్తే చదరపు మీటరుకి ఎన్నో తెలుస్తుంది. తోటలో కనీసం ఐదు చోట్ల తవ్వి సగటు తీయండి. ఒక్క గుంతని నమ్మకండి, ఎందుకంటే వానపాములు తడి ఉన్న చోట గుమిగూడతాయి.

ఏరేవాళ్లకి కింద శుభ్రంగా ఉండాలి, నిజమే. అందుకని ఫిబ్రవరి చివర చెట్టు గొడుగు (కొమ్మలు పరుచుకున్న మేర) కింద ఆకుని మాత్రమే దంతెతో లాగి, వరసల మధ్య నాలుగడుగుల వెడల్పు పట్టీగా పరవండి. మందం జానెడు దాటనివ్వొద్దు. చీపురుతో మట్టి బయటపడేదాకా గీకితే సగం కుళ్లిన అడుగుపొర కూడా పోతుంది, పురుగూ పుట్రా ఎక్కువగా ఉండేది అందులోనే. ఎండుటాకు పట్టీకి నిప్పు భయం ఉంటుంది కాబట్టి దారి పక్కన, గట్ల పక్కన పదడుగులు ఖాళీగా వదలండి.

ఏరడం అయ్యాక, జూన్ వానలకి ముందు, ఆ ఆకుని మళ్లీ గొడుగు కిందకి చేర్చాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. జీడాకు దళసరి, నత్రజని తక్కువ. దాన్ని ఒక్కదాన్నే మట్టిలో పూడ్చితే, కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని వాడేసుకుంటాయి, చెట్టు పసుపు తిరుగుతుంది. పూడ్చకండి, పైనే పరవండి. పది కిలోల ఎండుటాకుకి ఒకటి రెండు కిలోల పచ్చిపేడ నీళ్లలో కలిపి చల్లండి. గట్టు మీద గ్లైరిసీడియా (పచ్చిరొట్ట చెట్టు) ఉంటే లేత కొమ్మలు కొట్టి మధ్యలో ఒక పొర వేయండి. అది వారాల్లోనే కుళ్లి, గట్టి ఆకుని కూడా కదిలిస్తుంది. వెంపలి మొక్కలు పూతకి వచ్చేలోపు కోసినా పనికొస్తాయి.

మొదలు చుట్టూ అడుగున్నర మేర ఆకు ఉండకూడదు. వేరు, కాండం తొలిచే పురుగు పడితే మొదట్లో జిగురు, రంపపు పొట్టులాంటి పిప్పి కనిపిస్తాయి. ఆకు కప్పితే అవి కంటపడవు. పక్కన కొబ్బరి ఉంటే పేడకుప్పలు, కూలిన కొబ్బరి మానులు అలాగే వదలొద్దు, కొమ్ముపురుగు వాటిలోనే గుడ్లు పెడుతుంది. 2018 తిత్లీ లాంటి తుపాను తర్వాత ఈ పని ముందు చేయాలి.

యూరియాని ఆకు మీద చల్లితే అమ్మోనియాగా ఎగిరిపోతుంది. చెట్టుకి 500 గ్రాముల నత్రజని ఇవ్వాలంటే యూరియా సుమారు 1,090 గ్రాములు కావాలి. సగం తొలకరికి, సగం సెప్టెంబరు–అక్టోబరులో, ఆకు పక్కకి తీసి లోతు తక్కువ గాడిలో వేసి మట్టి కప్పండి. ఇసుకనేలలో ఒకేసారి వేస్తే వానకి వేళ్లు అందనంత లోతుకి దిగిపోతుంది.

దున్నడం ఏడాదికి ఒక వరస విడిచి ఒక వరసే చేయండి. తడినేలలో రోటావేటరు తిప్పితే పైకొచ్చిన వానపాములు తెగిపోతాయి, వాటి బొరియలు మూసుకుపోయి వాననీరు ఇంకదు. కలుపుని కొడవలితో కోసి అక్కడే పడేస్తే చాలు.

చెదల గురించి భయపడి తోటంతా మందు పోయొద్దు. వానపాములు పైన లేని ఎండాకాలంలో ఆకుని కుళ్లించే పనిలో పెద్ద వాటా చెదలదే. ముదురు చెట్టు బెరడు మీద చెదమట్టి పడితే గీకేయండి. లేత మొక్కలకే అసలు ముప్పు, వాటి దగ్గర మాత్రమే మందు సంగతి చూడండి.

తీరంలో సరుగుడు వేసినవాళ్లకి ఒక్క మాట. దాని వేరుబుడిపెలు గాలి నత్రజనిని పట్టుకుంటాయి. కానీ నరికేటప్పుడు మానుతో పాటు రెమ్మలు, రాలిన సూదులు కూడా వంటచెరకుగా పోతే ఆ లాభం పోతుంది. వీలైతే బెరడు కూడా తోటలోనే ఒలిపించండి, కాల్షియం అందులో ఎక్కువ.

మరుసటి సెప్టెంబరులో అవే ఐదు చెట్ల కింద, పాత గుంతలకి మూరెడు దూరంలో మళ్లీ తవ్వి లెక్క పోల్చుకోండి. మొదటి ఏడాది వానపాముల కంటే రోకలిబండలు పెరగడం ముందుగా కనిపించవచ్చు.