స్వలింగ వివాహం మీద మతపెద్దలు సంతకం అడిగితే: పెన్ను తీసే ముందు చూసుకోవాల్సినవి

2023 ఏప్రిల్‌లో మా చిన్నాయన ఫ్యామిలీ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాడు. సుప్రీంకోర్టు తీర్పు వస్తే ఇక మన గుళ్లలో మగవాళ్లకూ మగవాళ్లకూ పెళ్లి చేయాల్సిందేనట, పూజారి కాదంటే జైలేనట, ధర్మాన్ని కాపాడుకోవాలంటే కింద లింకులో సంతకం పెట్టాలట. అదే వారంలో కడపలో మా పక్కింటి అక్కకు వాళ్ల ప్రార్థన గ్రూపులో దాదాపు ఇదే మెసేజ్ వచ్చింది, గుడి తీసి చర్చి పెట్టారు, పూజారిని తీసి పాస్టర్ గారిని పెట్టారు, అంతే. ఎవరు ఎవరిది కాపీ కొట్టారో దేవుడికే తెలియాలి, ఏ దేవుడికో కూడా తెలీదు.

అప్పటి నుంచి ఇలాంటివి వచ్చినప్పుడల్లా నేను ఏం చూసుకుంటానో ఇక్కడ రాస్తున్నా. ఈ పెళ్లిళ్లు ఉండాలా వద్దా అనే వాదన కాదు ఇది. నా అభిప్రాయం నాకుంది: ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడి ప్రభుత్వ రిజిస్టర్‌లో సంతకం పెడితే నా ఇంట్లో పప్పు ఉడక్కుండా పోదు. మీది వేరే కావచ్చు. వేరే అయినా సరే, ఎవరో రాసిన అబద్ధం కింద మీ పేరు ఎందుకు ఉండాలి?

ముందుగా, అది ఏ పెళ్లి గురించి మాట్లాడుతోందో చూడండి. ముఖ్యమైన కిటుకంతా ఇక్కడే ఉంటుంది. మన దగ్గర పెళ్లి అంటే రెండు పనులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. ఒకటి తాళి, తలంబ్రాలు, లేదా నిఖా, లేదా చర్చిలో ప్రమాణం. రెండోది ప్రభుత్వం దగ్గర పేర్లు ఎక్కడం, దాంతో వచ్చే ఆస్తి, పెన్షన్, నామినీ హక్కులు. ఈ రెండోది మొదటిది లేకుండా కూడా జరుగుతుంది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉన్నది అందుకే. మన ఊర్లో హిందూ అబ్బాయి, ముస్లిం అమ్మాయి ఎవరి మతం వాళ్లు ఉంచుకుని పెళ్లి చేసుకోవాలంటే రిజిస్ట్రేషన్ ఆఫీసులో నోటీసు ఇచ్చి, 30 రోజులు ఆగి, ముగ్గురు సాక్షులతో సంతకాలు పెడతారు. అక్కడ పంతులూ ఉండడు, ఖాజీ కూడా ఉండడు. ఇంట్లో గొడవలు ఉంటాయి, అది వేరే సంగతి.

2022 నవంబరులో సుప్రీంకోర్టుకు వెళ్లిన హైదరాబాద్ జంట అడిగింది ఈ రెండో రకం పెళ్లినే. ఐదుగురు జడ్జిల బెంచి 2023 ఏప్రిల్ 18న విచారణ మొదలుపెట్టిన రోజే మతాల పర్సనల్ చట్టాల జోలికి వెళ్లమని చెప్పింది. అంటే మా చిన్నాయన మెసేజ్‌లోని పూజారి, పక్కింటి అక్క మెసేజ్‌లోని పాస్టర్, ఇద్దరికీ ఆ కేసులో చోటే లేదు. చివరికి అక్టోబరు 17న తీర్పు కూడా పిటిషనర్లకు వ్యతిరేకంగానే వచ్చింది. పెళ్లి చేసుకోవడం ప్రాథమిక హక్కు కాదు, చట్టం మార్చాలంటే పార్లమెంటే మార్చాలి అన్నారు. తీర్పును మళ్లీ చూడమని వేసిన రివ్యూ పిటిషన్లు కూడా 2025 జనవరిలో కొట్టేశారు. ఇప్పుడు కూడా మీకు "కోర్టు రేపో మాపో ఒప్పేసుకుంటుంది" అని మెసేజ్ వస్తే అది పాత సరుకు అని అర్థం.

"రేపు చట్టం వస్తే మాత్రం చర్చిని, గుడిని బలవంతపెట్టరా?" అని అడిగేవాళ్లు ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. బయట ఏం జరిగిందో చెప్పండి. ఇంగ్లండ్‌లో 2013లో చట్టం చేసినప్పుడు ఇష్టం లేని మతసంస్థను ఎవరూ బలవంతపెట్టకూడదని అందులోనే రాశారు. అక్కడి అధికారిక చర్చికైతే ఈ పెళ్లిళ్లు చేసే వీలే లేకుండా గట్టిగా తాళం వేశారు. డెన్మార్క్‌లో మాత్రం 2012లో జాతీయ చర్చిలో ఈ పెళ్లిళ్లకు చోటివ్వాలని నిర్ణయించారు, కానీ పాస్టరుకు ఇష్టం లేకపోతే తను చేయనని చెప్పవచ్చు. డెన్మార్క్ సంగతి దాచొద్దు. దాచితే తర్వాత వాళ్లే వెతుక్కుని వచ్చి మీ ముందు పెడతారు, అప్పుడు మీరు చెప్పిన మిగతా మాటలు కూడా చెల్లవు.

రెండోది, ఆ సంతకం ఎక్కడికి పోతుంది? బయటి దేశాల్లో కొన్నిచోట్ల జనం నేరుగా ఓటేసి తేల్చారు, కాబట్టి అక్కడ మతసంస్థలు ప్రచారంలోకి దిగితే ఒక లెక్క ఉంది. కాలిఫోర్నియాలో 2008లో ఈ పెళ్లిళ్లను నిషేధించాలన్న 'ప్రాపొజిషన్ 8' మీద ఓటింగ్ జరిగింది. మోర్మన్ చర్చి పెద్దలు ఆ జూన్‌లో ఆదివారం ప్రార్థనల్లో ఒక ఉత్తరం చదివించి, మీ డబ్బు, మీ సమయం రెండూ ఇవ్వండి అని సభ్యులను అడిగారు. రెండు పక్షాలూ కలిపి ఖర్చు పెట్టింది 8 కోట్ల డాలర్ల పైమాటే. 52 శాతంతో నిషేధం గెలిచింది, 2013లో కోర్టుల్లో పోయింది. చివరి రెండు వారాల లెక్కలు సమయానికి చూపలేదని ఆ చర్చికి 5,539 డాలర్ల జరిమానా కూడా పడింది. ఆస్ట్రేలియాలో 2017లో పోస్టల్ సర్వే పెడితే సిడ్నీ ఆంగ్లికన్ డయోసిస్ 'వద్దు' ప్రచారానికి 10 లక్షల డాలర్లు ఇచ్చింది, అయినా 61.6 శాతం 'కావాలి' అన్నారు. రొమేనియాలో 2018లో ఆర్థొడాక్స్ చర్చి మద్దతుతో ఈ పెళ్లిళ్లకు వ్యతిరేకంగా రెఫరెండం పెడితే 30 శాతం రావాల్సిన చోట 21 శాతమే ఓటేశారు, అది అలాగే చచ్చిపోయింది.

మన దేశంలో ఇలాంటి ఓటింగే లేదు. కోర్టు సంతకాలు లెక్కపెట్టదు. మరి లింకులో మీ పేరు, ఫోన్ నంబరు, ఊరు, నియోజకవర్గం ఎందుకు అడుగుతున్నట్టు? నియోజకవర్గం గడి కనిపిస్తే నేను అక్కడే ఆగిపోతా. అది ధర్మం కోసమో విశ్వాసం కోసమో తీసుకునే సంతకం కాదు, ఎన్నికలప్పుడు ఫోన్ చేయడానికి కట్టుకునే లిస్టు. ఎవరికి ఇస్తారు, ఏ తేదీన ఇస్తారు, కాపీ చూపిస్తారా అని అడగండి. నిజంగా వినతిపత్రం అయితే జవాబు ఉంటుంది.

మూడోది కొంచెం తమాషాగా ఉంటుంది. మతపెద్దలు మొదలుపెట్టిన ప్రచారంలో మతం కొద్దిసేపే ఉంటుంది, తర్వాత అంతా పిల్లలే. కాలిఫోర్నియాలో టీవీ ప్రకటనలు బైబిల్ వాక్యాలు చదవలేదు, మీ పిల్లలకు బడిలో ఇదే నేర్పుతారు అన్నాయి. ఆస్ట్రేలియాలో ఒక తల్లి వచ్చి, మా వాడు బడికి గౌను వేసుకుని రావచ్చన్నారు అంటుంది. గ్రంథంలో ఏముందో ఒప్పించడం కష్టం, పిల్లల మీద భయం పెట్టడం తేలిక, ఇంతకంటే రహస్యం ఏమీ లేదు. మీ మెసేజ్‌లో మూడో లైనుకే పిల్లలు వచ్చేస్తే, పిల్లల గురించి ఆ చట్టంలో ఏ సెక్షన్‌లో ఉందో ఒక్కసారి అడిగి చూడండి.

"అన్ని మతాలూ ఒకే మాట మీద ఉన్నాయి" అనే వాక్యం కూడా తప్పకుండా వస్తుంది. సగం నిజం. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377 సెక్షన్ కేసులో 2009లో సుప్రీంకోర్టుకు వెళ్లిన ప్రధాన అప్పీలుదారు ఒక జ్యోతిష్యుడు, ఆయన పక్షాన అఖిల భారత ముస్లిం పర్సనల్ లా బోర్డు, ఉత్కళ్ క్రిస్టియన్ కౌన్సిల్, అపొస్తలిక్ చర్చిల కూటమి నిలబడ్డాయి. 2023లో ముస్లిం మతపండితుల సంస్థ జమియత్ ఉలమా-ఎ-హింద్ ఈ పెళ్లిళ్లను కోర్టులో వ్యతిరేకించింది, ఆర్‌ఎస్‌ఎస్ నాయకుడు దత్తాత్రేయ హోసబలే పెళ్లి ఒక సంస్కారం, స్త్రీ పురుషుల మధ్యే జరగాలి అన్నారు. మామూలు రోజుల్లో ఒకరి గడప ఒకరు తొక్కనివాళ్లు ఒక్క పక్కకు వచ్చారు. (కడపలో మనకు గడప తొక్కడం కొత్త కాదు, ఉగాదికి ముస్లింలు దేవుని కడపకు వస్తారు, పెద్ద దర్గా ఉరుసుకు అందరం పోతాం. అది సంతకాలు అడిగే ఐక్యత కాదు.) మిగతా సగం ఏంటంటే, అమెరికాలో యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ 2005లోనే ఈ పెళ్లిళ్లకు మద్దతు ప్రకటించింది, ప్రాపొజిషన్ 8ను కాలిఫోర్నియాలోని ఎపిస్కోపల్ బిషప్‌లు వ్యతిరేకించారు. కాబట్టి "క్రైస్తవం ఇలా అంటుంది" అన్నప్పుడు ఏ చర్చి, ఏ సభ తీర్మానం అని అడగొచ్చు.

ఇక చట్టం. పాస్టర్ గారు "మా చర్చిలో ఇలాంటి పెళ్లి చేయం" అనడం, ఇమామ్ గారు జుమ్మా రోజు తన మతం ఏం చెప్తుందో చెప్పడం, రెండూ వాళ్ల హక్కు. దాని మీద ఫిర్యాదు చేయడానికి పోకండి, మీకు నచ్చకపోయినా సరే. గీత దాటేది ఎప్పుడంటే, అభ్యర్థి గానీ, ఆయన సమ్మతితో ఇంకొకరు గానీ మతం పేరు చెప్పి ఓటు అడిగినప్పుడు. ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) సెక్షన్ ప్రకారం అది అవినీతి చర్య. 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జిల బెంచి 4-3తో, అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పినా తప్పే అంది. ఇంకో చట్టం కూడా ఉంది, 1988 నాటిది, చాలామందికి తెలియదు. గుడి, మసీదు, చర్చి ఆవరణను, హుండీ డబ్బును, ఉత్సవాన్ని రాజకీయ కార్యకలాపాలకు వాడనిస్తే నిర్వాహకులకు ఐదేళ్ల వరకు జైలు, 10 వేల రూపాయల వరకు జరిమానా.

ఎన్నికల కోడ్ ఉన్న రోజుల్లో అయితే ఫిర్యాదుకు ఎన్నికల సంఘం వాళ్ల సీవిజిల్ యాప్ వాడండి. అక్కడికక్కడే తీసిన ఫొటో, వీడియో మాత్రమే తీసుకుంటుంది, గ్యాలరీలోది ఎక్కదు, కాబట్టి ఇంటికొచ్చి చేద్దాంలే అనుకుంటే కుదరదు. పేరు చెప్పకుండా కూడా పంపొచ్చు, 100 నిమిషాల్లో తేల్చాలన్నది దాని లెక్క.

ఇంట్లోవాళ్లతో ఎలా? గ్రూపులో జవాబు పెట్టకండి. నలభై మంది ముందు చిన్నాయన తప్పు అని చెప్తే ఆయన మెసేజ్‌ను కాదు, తన మీసాన్ని కాపాడుకుంటాడు. నేను ఫోన్ చేశాను.

"ఏం చిన్నాయనా, ఆ కోర్టు మెసేజ్ యాడిది?"

"మన రైతు గ్రూపులో వచ్చిన్నెలేప్పా. ఏం, తప్పా అది?"

"పూజారిని జైల్లో ఏస్తారని ఉంది గదా, కేసు గుడి పెండ్లి గురించి కాదు చిన్నాయనా. రిజిస్ట్రేషన్ ఆఫీసు పెండ్లి గురించి."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అయినా నాకు ఇష్టం లేదప్పా" అన్నాడు. లేకపోనీ. ఇష్టం లేకపోవడం ఆయనిష్టం, మెసేజ్ మాత్రం సాయంత్రానికి తీసేశాడు. ఇంకో మాట, ఈ కబుర్లలో "ఫలానా వాళ్ల అబ్బాయి కూడా..." అని ఎవరైనా ఎత్తితే అక్కడే ఆపండి. మన ఊర్లలో ఆ ఒక్క మాటతో ఒక పిల్లవాడి చదువు ఆగిపోతుంది.

చివరగా, ఓపిక ఉన్నవాళ్లకు ఒక పని. 2023 ఏప్రిల్ 18న కేంద్రం రాష్ట్రాలకు ఉత్తరం రాసి అభిప్రాయం అడిగింది. ఏడు రాష్ట్రాలు బదులిచ్చాయి, అందులో రాజస్థాన్, అస్సాం, మన ఆంధ్రప్రదేశ్ వ్యతిరేకం అన్నాయి. మన రాష్ట్రం చెప్పిన కారణం, రాష్ట్రంలోని వివిధ మతాల పెద్దలను సంప్రదించాం, అందరూ వద్దన్నారు అని. మే 10న ఇది కోర్టులో చెప్పారు. ఉత్తరానికీ ఆ రోజుకీ మధ్య మూడు వారాలు. ఆ మూడు వారాల్లో కడప నుంచి ఎవరిని అడిగారు? పెద్ద దర్గానా, బ్రహ్మంగారి మఠమా, రాయలసీమ డయోసిసా? ఏమని అడిగారు? ప్రభుత్వం మారినా ఫైలు ఉంటుంది. తెల్ల కాగితం మీద సమాచార హక్కు దరఖాస్తు రాసి, 10 రూపాయల ఫీజుతో వెలగపూడి సచివాలయంలో సాధారణ పరిపాలన శాఖ పౌర సమాచార అధికారికి పంపండి. వాళ్లది కాకపోతే 6(3) సెక్షన్ ప్రకారం 5 రోజుల్లో వాళ్లే సరైన శాఖకు బదిలీ చేయాలి, 30 రోజుల్లో జవాబు రావాలి. ఇలా రాస్తే సరిపోతుంది:

"స్వలింగ వివాహంపై కేంద్రం 18-04-2023న రాసిన లేఖకు మన రాష్ట్రం పంపిన సమాధానం నకలు, సంప్రదించిన మతపెద్దల, సంస్థల జాబితా జిల్లాల వారీగా, వారిని అడిగిన ప్రశ్న, వారు రాతపూర్వకంగా ఇచ్చిన జవాబుల నకళ్లు, సమావేశం జరిగి ఉంటే తేదీ, స్థలం, మినిట్స్."

'ఎందుకు' అనే మాట రాయకండి, ఎందుకు అని అడిగితే అది సమాచారం కాదని తిప్పి పంపుతారు. పోస్టాఫీసు రసీదు దాచుకోండి, జవాబు రాకపోతే మొదటి అప్పీలుకు అదే ఆధారం.