థాయ్ మసాజ్‌లో లయ తప్పుతోందా? ఎక్కడ తప్పుతోందో చూద్దాం

బెంగళూరులో నా దగ్గర థాయ్ మసాజ్ నేర్చుకునే మన పిల్లలు, అనంతపురం వాళ్ళైనా కడప వాళ్ళైనా, నొక్కులు తొందరగానే పట్టేస్తారు. పది సెన్ గీతలూ, అంటే ఒంట్లో శక్తి పారుతుందని థాయ్ సంప్రదాయం చెప్పే దారులు, ఎక్కడ మొదలై ఎటు పోతాయో బట్టీ పట్టేస్తారు. లయ కుదరడానికి మాత్రం నెలలు పడుతుంది. ఈ మసాజ్‌లో నూనె ఉండదు, బట్టల మీదే చేస్తాం. నూనె ఉంటే చెయ్యి జారిపోతూ చిన్న తప్పుల్ని కప్పేస్తుంది. ఇక్కడ ప్రతి నొక్కూ విడిగా తెలిసిపోతుంది.

సమస్య: నొక్కగానే క్లయింట్ ఒళ్ళు బిగుసుకుంటోంది

మొన్న నా దగ్గర నేర్చుకునే ఒక అమ్మాయి, క్లయింట్ పిక్క మీద అరచేయి వేసి నొక్కుతుంటే, నేను ఆయన పాదం దగ్గర కూర్చుని చూస్తున్నాను. నొక్కిన ప్రతిసారీ కాలి వేళ్ళు లోపలికి ముడుచుకుంటున్నాయి. అడిగితే "బాగానే ఉందండీ" అంటున్నారు. "బలం ఎక్కువైందా అక్కా?" అని ఆ అమ్మాయి నన్ను అడిగింది.

బలం ఎక్కువ కాలేదు, తొందర ఎక్కువైంది. హఠాత్తుగా లాగినా నొక్కినా కండరం తనను తాను కాపాడుకోవడానికి బిగుస్తుంది. అది క్లయింట్ చేతిలో ఉండే పని కాదు.

నొక్కుని మూడు ముక్కలుగా చూడండి: దిగడం, ఆగడం, లేవడం. విశ్రాంతిగా ఉన్న మనిషి నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తాడు, అంటే ఒక్కో ఊపిరికి 3 నుంచి 5 సెకన్లు. మీ నొక్కు కూడా అందులో ఇమడాలి. ఆయన ఊపిరి వదిలేటప్పుడు దిగండి, ఒక క్షణం ఆగండి, ఎంత మెల్లగా దిగారో అంత మెల్లగా లేవండి. ఎక్కువమంది తప్పేది లేవడంలోనే. దిగేటప్పుడు ఎంతో జాగ్రత్తగా ఉండి, తర్వాత చెయ్యి చటుక్కున తీసేస్తారు. ఆ అమ్మాయి లేవడం ఒక్కటీ నిదానం చేసింది. నాలుగో నొక్కుకి కాలి వేళ్ళు విచ్చుకున్నాయి.

సమస్య: అరగంటకే బొటనవేళ్ళు లాగుతున్నాయి, వేగం ఒక తీరున ఉండట్లేదు

భుజాలతో నెడుతున్నారన్నమాట. భుజం అలిసేకొద్దీ లయ కూడా కుంటుతుంది. మోకాళ్ళు ఎడంగా పెట్టి, మోచేతులు చాపి, నడుము నుంచి ముందుకు వాలండి. ఊయల ఊపేటప్పుడు ప్రతిసారీ బలంగా తోయం కదా, దాని ఊపుతోనే పోతాం. ఇదీ అంతే. చెయ్యి నొక్కదు, ఒంటి బరువు చేతిలోంచి దిగుతుంది.

ఇంట్లో సాధన చేయడానికి బరువు చూసుకునే మిషన్, ముల్లు ఉండే పాత రకం, నేల మీద పెట్టండి. దాని మీద అరచేయి ఆనించి ముందుకు వాలండి. ముల్లు నిదానంగా ఎక్కి, కాసేపు నిలిచి, నిదానంగా దిగాలి. ఎక్కడ ఎగిరిపడిందో మీ లయ అక్కడ తెగింది. రోజూ పది నిమిషాలు చాలు.

సమస్య: మొదటి పది నిమిషాలూ ఎప్పుడూ పరుగే

సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లోంచి బయటపడి వచ్చింది క్లయింట్ ఒక్కరే కాదు, మీరూ అదే దారిన వచ్చారు. మీ ఊపిరి ఇంకా రోడ్డు మీదే ఉంది. థాయ్‌లాండ్‌లో మసాజ్ మొదలుపెట్టే ముందు బుద్ధుడి వైద్యుడు జీవకుణ్ణి తలుచుకుని దండం పెడతారు. మన పిల్లలు చాలామంది దాన్ని మొక్కుబడిగా దాటేస్తారు. నాకది నచ్చదు. ఆ అర నిమిషంలో మీ ఊపిరి కుదుటపడుతుంది, టెన్షన్ దిగుతుంది. ఆ తర్వాతే పాదం పట్టుకోండి.

సమస్య: భంగిమ మార్చినప్పుడల్లా లయ తెగుతోంది

మోకాలు ఎక్కడ ఆనించాలా అని వెతుక్కోవడమే కారణం. మనుషుల మీద కాదు, ఖాళీ చాప మీద మార్పుల్ని మాత్రమే సాధన చేయండి. మసాజ్ చేస్తూ మారేటప్పుడు మాత్రం ఒక చెయ్యి ఎప్పుడూ క్లయింట్ ఒంటి మీదే ఉండాలి.

సమస్య: కాళ్ళు అయ్యేసరికే టైమ్ అయిపోతోంది

రెండు గంటల వరస నేర్చుకుని దాన్ని 60 నిమిషాల్లో కుక్కుతున్నారు. వేగం పెంచకండి, కొన్ని భంగిమలు వదిలేయండి. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే వాళ్ళకు తుంటి, వీపు, భుజాలు ముఖ్యం. మొదలుపెట్టే ముందే అడిగి నిర్ణయించుకోండి.

సమస్య: "ఇంకా గట్టిగా" అని అడుగుతున్నారు

పిక్కల్లో నరాలు ఉబ్బినా, ఈమధ్య ఆపరేషన్ అయినా, పొడిచినట్టు నొప్పి అన్నా అది లయ సంగతి కాదు, అక్కడ నొక్కకూడదు. అవేవీ లేకపోతే ముందు బరువు పెంచకుండా, ఆగే సమయం ఇంకో రెండు సెకన్లు పెంచండి. చాలామందికి అదే గట్టిగా అనిపిస్తుంది. ఇంకా కావాలంటే, కాలి వేళ్ళు వదులుగా ఉన్నాయో లేదో చూసుకుని, అప్పుడు కొంచెం వాలండి.