క్లాసులో స్క్రీన్ మొరాయిస్తే: సమస్య, కారణం, పరిష్కారం

తిరుపతి, చిత్తూరు జిల్లాల ప్రభుత్వ హైస్కూళ్లకి 2023 నుంచి పెద్ద టచ్ ప్యానెళ్లు వచ్చాయి. ప్రాథమిక బడులకి స్మార్ట్ టీవీలు వచ్చాయి. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లున్నాయి, డిజిటల్ పాఠాలుండే ప్రభుత్వ యాప్ దీక్ష 2017 నుంచే ఉంది. లేనిదల్లా పీరియడ్ మధ్యలో స్క్రీన్ మొండికేస్తే పక్కన నిలబడి చెప్పే మనిషే. "ఇది మన వల్ల కాదులే" అని ప్యానెల్‌కి గుడ్డ కప్పేసిన క్లాసురూములు చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే ఇందులో చాలా సమస్యలు టీచరే అయిదు నిమిషాల్లో సరిచేసుకోగలిగినవి. మా వైపు బడుల్లో తరచూ ఎదురయ్యేవి ఇక్కడ రాస్తున్నాను.

సమస్య: వీడియో మధ్యలో ఆగి, గుండ్రంగా తిరుగుతూనే ఉంది

"సార్, మళ్ళా తిరగతా ఉంది" అని ముందు బెంచీ నుంచి వినపడగానే చాలామంది ప్యానెల్ ఆఫ్ చేసి ఆన్ చేస్తారు. దాంతో ఇంకో మూడు నిమిషాలు పోతాయి తప్ప ఫలితం ఉండదు. ముందు కారణం తేల్చుకోండి. హాట్‌స్పాట్ ఇస్తున్న ఫోన్లోనే అదే వీడియో పెట్టి చూడండి.

ఫోన్లోనూ ఆగుతోందంటే సిగ్నల్ అందట్లేదు, లేదా ఆ రోజు డేటా అయిపోయింది. రోజువారీ ప్యాక్ అయిపోతే చాలా ప్లాన్లలో స్పీడు 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. దాంతో వాట్సాప్ మెసేజ్ వెళ్తుంది గానీ వీడియో ఆడదు. ప్యానెల్ పెద్దది కాబట్టి యూట్యూబ్ దానంతటదే ఎక్కువ క్వాలిటీ ఎంచుకుని డేటా తాగేస్తుంది. సెట్టింగ్స్ గుర్తు నొక్కి 480పీకి దించండి. చివరి బెంచీకి కూడా బొమ్మ బాగానే తెలుస్తుంది. ఎర్రావారిపాళెం, తలకోన వైపు కొండ పక్క బడుల్లో గది లోపల సిగ్నల్ ఒక్క గీత ఉంటే వరండాలో మూడు ఉంటాయి. అలాంటిచోట ఫోన్ జేబులో కాదు, కిటికీలో ఉండాలి.

ఫోన్లో బాగా ఆడుతూ ప్యానెల్‌లో మాత్రమే ఆగుతోందంటే తేడా ఆ రెండింటి మధ్య వైఫైలో ఉంది. ప్యానెల్‌కి హాట్‌స్పాట్ పేరే కనపడకపోతే, ఫోన్ హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో బ్యాండ్‌ని 5 నుంచి 2.4 గిగాహెర్ట్జ్‌కి మార్చండి. బడికి ఫైబర్ కనెక్షన్ ఉండి రౌటర్ హెచ్‌ఎం గదిలో ఉంటే, రెండు మూడు గోడలు దాటేసరికి వైఫైలో పస ఉండదు. అక్కడి నుంచి క్లాసుకి ల్యాన్ కేబుల్ లాగించండి. 100 మీటర్ల దాకా ఢోకా ఉండదు. ఒక్కసారి పెట్టే ఖర్చు, ఏళ్ల తరబడి పనికొస్తుంది.

ఇవన్నీ ఆ పూట గడవడానికి. నా గట్టి అభిప్రాయం ఏంటంటే, పాఠం జరిగే సమయంలో నెట్ అవసరమే రాకూడదు. నెట్ వాడాల్సింది ముందురోజు సాయంత్రం బడి వదిలాక, లేదా పొద్దున ప్రేయర్‌కి ముందు. దీక్షలో పాఠాలు యాప్‌లోనే డౌన్‌లోడ్ అవుతాయి, తర్వాత నెట్ లేకుండా ఆడతాయి. సైన్సుకి కొలరాడో యూనివర్సిటీ వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు, అంటే స్క్రీన్ మీదే చేసి చూసే ప్రయోగాలు ఉన్నాయి, కొన్ని తెలుగులో కూడా. కొత్త రకానివి (హెచ్‌టీఎంఎల్5వి) ఫైలుగా దించుకుని పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే బ్రౌజర్‌లో నెట్ లేకుండానే తెరుచుకుంటాయి.

సమస్య: శ్రీహరికోట రాకెట్ ప్రయోగం లైవ్ సరిగ్గా కౌంట్‌డౌన్ దగ్గర ఆగిపోయింది

లైవ్‌ని ముందే దించుకోలేం. పైగా ఆ నిమిషంలో లక్షలమంది చూస్తుంటారు. చంద్రయాన్-3 లేచింది 2023 జూలై 14, శుక్రవారం మధ్యాహ్నం 2.35కి, అంటే బడి టైములోనే. ఇలాంటి రోజు ప్యానెల్‌ని నమ్ముకోకండి. ఒక ఫోన్లో లైవ్ పెట్టుకుని, పిల్లల్ని గ్రౌండ్‌లోకి తీసుకెళ్లి ఆ దిక్కుకి నిలబెట్టండి. మబ్బు లేకపోతే నాయుడుపేట, శ్రీకాళహస్తి వైపు, ఒక్కోసారి తిరుపతిలో కూడా రాకెట్ కంటికే కనిపిస్తుంది. లైవ్ ఎప్పుడూ కొన్ని సెకన్లు వెనకే ఉంటుంది. సూళ్లూరుపేటలోనైతే ఫోన్ ఇంకా అంకెలు లెక్కపెడుతుండగానే చెట్ల మీదుగా నిప్పుగీత లేస్తుంది, చప్పుడు ఆ తర్వాతెప్పుడో వస్తుంది. లేచిందని కనపడ్డాక ఎన్ని సెకన్లకి వినపడిందో పిల్లల్ని లెక్కపెట్టమనండి. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు వెళ్తుందని చెబితే, రాకెట్ ఎంత దూరంలో లేచిందో ఉజ్జాయింపుగా వాళ్లే కట్టేస్తారు. ఇంతకంటే మంచి ఫిజిక్స్ పీరియడ్ ఏ స్క్రీనూ ఇవ్వలేదు.

సమస్య: ముట్టుకోకుండానే గీతలు పడుతున్నాయి, ముట్టుకున్నచోట పలకట్లేదు

ఇలాంటి ప్యానెళ్లలో చాలావాటికి టచ్ ఉండేది గాజులో కాదు, చుట్టూ ఉన్న ఫ్రేములో. ఒక అంచు నుంచి ఎదురు అంచుకి కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు వెళ్తుంటాయి. మన వేలు అడ్డొచ్చినచోటు చూసి అది టచ్ అనుకుంటుంది. అంటే వేలే కానక్కర్లేదు, ఏది అడ్డొచ్చినా అంతే. ఫ్రేము లోపలి అంచుని దగ్గరగా చూడండి. పక్కనున్న బోర్డు నుంచి రాలిన చాక్‌పీస్ పొడి కింది అంచులో తెల్లటి గీతలా పేరుకుని ఉంటుంది. మూలల్లో సాలెగూడు, ఎవరో అంటించిన స్టిక్కర్ ముక్క, ఒక్కోసారి చచ్చిన పురుగు కూడా. ఆఫ్ చేసి, పొడి మెత్తటి బట్టతో నాలుగు అంచులూ తుడవండి. నీళ్లు చల్లొద్దు. తుడిచాక కూడా పొద్దునపూట మాత్రమే గోల చేస్తుంటే కిటికీలోంచి ఎండ నేరుగా ఫ్రేము మీద పడుతోందని అర్థం. కర్టెన్ కట్టండి. రెండూ కాకపోతే అప్పుడు కంప్లయింట్ రాయండి.

సమస్య: ఏ వెబ్‌సైట్ తెరిచినా "కనెక్షన్ సురక్షితం కాదు" అంటోంది

దసరా, సంక్రాంతి సెలవుల తర్వాత ఇది మామూలే. చాలా రోజులు కరెంటు లేక లోపలి గడియారం వెనక్కి పోయి ఉంటుంది. తేదీ తప్పైతే బ్రౌజర్ ఏ సైటునీ నమ్మదు. తేదీ, సమయం సరిచేస్తే సరిపోతుంది.

సమస్య: ఇంట్లో టైపు చేసిన తెలుగు ప్రశ్నలు క్లాసులో పిచ్చి అక్షరాలయ్యాయి

అను ఫాంట్లలో కొట్టిన ఫైలు ఆ ఫాంట్ లేని చోట చదవలేం. ఇంట్లోనే పీడీఎఫ్ చేసుకుని తెచ్చుకోండి. ఇకనుంచి యూనికోడ్‌లో, అంటే ఫోన్లలో తెలుగు కొట్టే పద్ధతిలో కొడితే ఏ ఫోన్లోనైనా, ఏ ప్యానెల్‌లోనైనా తెలుగు తెలుగులాగే ఉంటుంది.

సమస్య: పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయిపోయాయి

నెట్ సెంటర్లోనో జిరాక్స్ షాపులోనో పెట్టినప్పుడు ఎక్కిన వైరస్ ఇది. ఫైళ్లు ఎక్కడికీ పోలేదు, దాక్కున్నాయంతే. ఆ షార్ట్‌కట్లని నొక్కకండి. యాంటీవైరస్‌తో స్కాన్ చేసి, దాచిన ఫైళ్లు చూపించే ఆప్షన్ ఆన్ చేసి, మీవి వేరేచోటికి కాపీ చేసుకున్నాక పెన్‌డ్రైవ్‌ని ఫార్మాట్ చేయండి. ప్రింట్లకి ఒకటి, ప్యానెల్‌కి ఒకటి విడిగా పెట్టుకుంటే ఈ తలనొప్పే ఉండదు.

సమస్య: ప్యానెల్ ఫ్రేము ముట్టుకుంటే జివ్వుమంటోంది

ఇది మాత్రం మీరు సరిచేసేది కాదు. వెంటనే మెయిన్ ఆపేయండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు. చాలాసార్లు కారణం ఎర్తింగ్ సరిగ్గా లేకపోవడం. ఎండాకాలంలో ఎర్త్ పిట్ (ఎర్త్ తీగ భూమిలోకి దిగే గుంత) ఎండిపోయి ఉంటుంది. ఎలక్ట్రీషియన్ చూసి సరే అనేదాకా ఆన్ చేయొద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వానల కాలం కాబట్టి ఉరుములు మొదలవగానే ప్లగ్ పీకేయడం అలవాటు చేసుకోండి.

సమస్య: పిల్లలు కళ్లార్పకుండా చూశారు, మరునాడు అడిగితే ఎవరూ చెప్పలేదు

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేదీ, ఎవరూ కంప్లయింట్ రాయనిదీ ఇదే. ప్యానెల్ బాగుంది, నెట్ బాగుంది, పాఠమే ఎక్కలేదు. పన్నెండు నిమిషాల వీడియో ఆపకుండా నడిపితే పిల్లలకి అది సినిమానే. బొమ్మలు గుర్తుంటాయి, విషయం ఉండదు.

రెండు మూడు నిమిషాలకి ఒకసారి ఆపండి. ఆపి, "తర్వాత ఏమవుతుంది?" అని అడగండి. ఉదాహరణకి, ఫెట్ సిమ్యులేషన్‌లో ఒకే వరసలో రెండు బల్బులు పెట్టి, "ఒకటి తీసేస్తే రెండోది వెలుగుతుందా?" అని అడిగి చేతులు ఎత్తమనండి. ఎందుకో నోటుబుక్కులో ఒక్క వాక్యం రాయించండి. ఆ తర్వాతే బల్బు తీయండి. వెలుగుతుందని చెప్పినవాడి మొహం చూడండి, ఆ క్షణంలో వాడికి అర్థమైంది ఏడాదంతా గుర్తుంటుంది. ముందు ఊహ, తర్వాత స్క్రీన్. ఈ వరస తిరగబడితే ఎంత మంచి వీడియో అయినా వృథా.

వీడియో ఇంగ్లీషులో ఉండి పిల్లలకి ఆ యాస అందట్లేదా? సౌండ్ పూర్తిగా తీసేసి మీరే చెప్పండి. నగరి, కుప్పం లాంటిచోట ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలూ ఉంటారు, ఒక ముక్క తమిళంలోనూ చెప్పొచ్చు. టీచర్ గొంతు అలవాటైన గొంతు, అది త్వరగా ఎక్కుతుంది.

సమస్య: హోంవర్క్ అందరిదీ ఒకేలా ఉంది, ఎవరూ వాడని మాటలున్నాయి

వాట్సాప్‌లోనే ఏఐ ఉంది, ప్రశ్న పెడితే జవాబు రెడీ. పిల్లల్ని తిట్టి లాభం లేదు, "నీటి కాలుష్యానికి కారణాలు రాయండి" లాంటి ప్రశ్న ఇచ్చింది మనమే కదా. ఇంట్లోంచే వచ్చే జవాబు అడగండి. "మీ అవ్వ చిన్నప్పుడు మీ ఊరి చెరువులో ఏడాదికి ఎన్ని నెలలు నీళ్లుండేవి? ఇప్పుడెన్ని? అడిగి రాయండి." ఇది ఏ ఏఐకీ తెలీదు.

ఇంకో పని కూడా చేయించొచ్చు. మీ ఊరి గురించో, స్వర్ణముఖి నది గురించో ఏఐని అడిగి, ఆ జవాబులో తప్పులు ఎర్ర పెన్నుతో దిద్దమనండి. ఏది సరైనదో పెద్దవాళ్లని అడిగి పక్కన రాయమనండి. ఇంట్లో ఫోన్ లేని పిల్లలకి ఆ జవాబు ప్రింట్ తీసివ్వండి. దిద్దడానికి ఫోన్ అక్కర్లేదు.