పెయింట్ కన్నా ముందు వాటం చూడండి

తిరుపతి వైపు కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్లు రంగుల టెన్షన్ కన్నా ముందు వాకిలి వాటం, అంటే వాననీళ్లు బయటికి పోయే వాలు చూసుకోండి. మనకు పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. 2021 నవంబర్‌లో తిరుపతిని ముంచిన వరద గుర్తుందిగా! ఇంటి గోడ నుంచి బయటికి పది అడుగులకు కనీసం రెండు అంగుళాల వాలు ఉండాలి. గోడవారగా బిందెడు నీళ్లు పోసి చూడండి. అక్కడే మడుగు కడితే మేస్త్రీని మళ్లీ పిలవాల్సిందే. ఖాళీ అంతా బండలు పరిచేయకండి (ఊడవడానికి సుఖమే అనుకోండి). కాంపౌండ్ గోడ వెంబడి రెండడుగుల మట్టి వదిలితే మందారం, నందివర్ధనం, కరివేపాకు హాయిగా వస్తాయి. కొబ్బరి మాత్రం గోడకు దూరంగా పెట్టండి. బయటి పెయింట్ వానలు వెళ్లి గోడలు బాగా ఆరాక, సంక్రాంతి దాటాక వేయించండి. తడి గోడ మీద వేస్తే పెచ్చులుగా లేచిపోతుంది.