మార్కులు ఎగుడుదిగుడుగా ఉన్నా బ్రిటన్‌లో పాలిటిక్స్ సీటుకు దరఖాస్తు చేయడం ఎలా?

హిస్టరీలో ఏ, ఇంగ్లిష్‌లో బీ, ఎకనామిక్స్‌లో సీ. ఇలాంటి ఏ లెవెల్ (మన ఇంటర్ స్థాయి పరీక్షలు) గ్రేడ్లు చేతికొస్తే చూపు ముందు ఆ సీ మీదే పడుతుంది. దానికి సంజాయిషీ ఎలా చెప్పుకోవాలా అని టెన్షన్ పడుతూ చాలామంది దరఖాస్తంతా దాని చుట్టూనే రాసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. సంజాయిషీకి దరఖాస్తులో వేరే చోటుంది. మీరు రాసే చోట మాత్రం రాజకీయ శాస్త్రమే కనిపించాలి.

ముందు గ్రేడ్లను విడదీసి చూసుకోండి

తక్కువ వచ్చింది జీసీఎస్‌ఈలోనా (మన పదో తరగతి స్థాయి పరీక్షలు), ఏ లెవెల్లోనా? జీసీఎస్‌ఈలో తగ్గినా ఏ లెవెల్లో పుంజుకున్నవారికి చాలా యూనివర్సిటీల్లో దారి ఉంటుంది. ఎల్‌ఎస్‌ఈ (లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్) లాంటి గట్టి పోటీ ఉన్న చోట్ల మాత్రం జీసీఎస్‌ఈ గ్రేడ్లనూ పరిశీలిస్తారు. ఇంగ్లిష్, మ్యాథ్స్‌లలో కనీస గ్రేడ్ అడిగే కోర్సులూ ఉన్నాయి కాబట్టి ముందే చూసుకోవాలి. ఏ లెవెల్లో పాలిటిక్స్ తీసుకోలేదని దిగులు పడక్కర్లేదు. డిగ్రీలో చేరడానికి సాధారణంగా దాన్ని తప్పనిసరి చేయరు.

సమస్య ఫలితాలకు ముందే టీచర్లు అంచనాగా వేసే ప్రిడిక్టెడ్ గ్రేడ్లలో ఉంటే వేసవి సెలవులకు ముందే వెళ్లి మాట్లాడండి. గ్రేడ్ పెంచమని బతిమాలడం కాదు. "ఏ పరీక్షలో ఎంత తెచ్చుకుంటే మీకు నమ్మకం కుదురుతుంది?" అని అడగండి. అప్పుడు మీకో లక్ష్యం దొరుకుతుంది, టీచరుకూ ఆధారం దొరుకుతుంది.

ఐదు ఎంపికలనూ ఒకే ఎత్తులో పెట్టకండి

బ్రిటన్ యూనివర్సిటీల దరఖాస్తులన్నీ చూసే సంస్థ యూకాస్ ద్వారా ఐదు కోర్సులకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో ఒక్కదాన్నే ఎంచుకోవాలి. వాటికి గడువు అక్టోబర్ 15, మిగతా ఎక్కువ కోర్సులకు జనవరి. ఆక్స్‌ఫర్డ్‌లో ఫిలాసఫీ, పాలిటిక్స్, ఎకనామిక్స్ కలిసిన పీపీఈ కోర్సుకు మూడు ‘ఏ’ గ్రేడ్లు అడుగుతారు, పైగా ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. అలాంటి కోర్సులతోనే ఐదు గడులూ నింపితే చేతిలో ఒక్క ఆఫరూ లేకుండా మిగిలిపోవచ్చు. ఆశపడేవి రెండు, మీ గ్రేడ్లకు సరిపోయేవి రెండు, ధీమాగా ఉండేది ఒకటి పెట్టుకోమని నా సలహా.

ఆఫర్ అంటే ఫలానా గ్రేడ్లు తెచ్చుకుంటే సీటిస్తామనే మాట. ఒకే యూనివర్సిటీలో పాలిటిక్స్‌కు ఒక ఆఫర్, పాలిటిక్స్‌తో సోషియాలజీయో మరో భాషో కలిసిన కోర్సుకు ఇంకో ఆఫర్ ఉండొచ్చు. అందుకే పేరు చూసి వదిలేయకుండా ఆ కోర్సులో చెప్పే పాఠాల జాబితా చదవండి. మీ స్కూలు, మీ ప్రాంతం, ఇంటి పరిస్థితులను బట్టి తక్కువ గ్రేడ్లకే ఇచ్చే కాంటెక్స్‌చువల్ ఆఫర్‌కు మీరు అర్హులేమో కూడా చూసుకోండి. పరీక్ష మళ్లీ రాసి ఉంటే, ఆ గ్రేడ్‌ను అంగీకరిస్తారో లేదో అడ్మిషన్స్ ఆఫీసుకు ముందే మెయిల్ పెట్టి తెలుసుకోండి.

కష్టం గురించి చెప్పాల్సింది రిఫరెన్స్‌లో

అనారోగ్యమో, ఇంట్లో ఎవరైనా చనిపోవడమో, చదువు మధ్యలో టీచర్ వెళ్లిపోవడమో గ్రేడ్లను దెబ్బతీసి ఉంటే ఆ విషయం స్కూలు రాసే రిఫరెన్స్‌లోకి వెళ్లాలి. అందులో ఇలాంటి పరిస్థితుల కోసమే ఒక భాగం ఉంది. ఏం జరిగిందో, ఎప్పుడు జరిగిందో, ఏ సబ్జెక్ట్ మీద ప్రభావం పడిందో నాలుగు వాక్యాల్లో రాసి మీ ట్యూటర్‌కు ఇవ్వండి. అడగడానికి మొహమాటపడి ఊరుకుంటే నష్టం మీదే.

పర్సనల్ స్టేట్‌మెంట్

దరఖాస్తులో మీ గురించి మీరే రాసుకునే భాగం ఇది. మీరు ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. 2026 ప్రవేశాల నుంచి ఇది మూడు ప్రశ్నలుగా మారింది. ఈ కోర్సే ఎందుకు, మీ చదువు మిమ్మల్ని ఎలా సిద్ధం చేసింది, చదువు బయట ఇంకేం చేశారు అని అడుగుతారు. మూడింటికీ కలిపి 4,000 అక్షరాలు, ఒక్కోదానికి కనీసం 350. ఐదు చోట్లకీ ఇదే వెళ్తుంది కాబట్టి ఏ యూనివర్సిటీ పేరూ రాయకండి.

"చిన్నప్పటి నుంచీ నాకు రాజకీయాలంటే ఎంతో ఆసక్తి" అని మొదలుపెడితే చదివేవారికి మీ గురించి ఏమీ తెలియదు. ఒక్క ప్రశ్న పట్టుకోండి. 2024 జులై బ్రిటన్ పార్లమెంటు ఎన్నికల్లో రిఫార్మ్ యూకే పార్టీకి 14 శాతం పైగా ఓట్లు వచ్చి 5 సీట్లే దక్కాయి. లిబరల్ డెమోక్రాట్లకు 12 శాతం ఓట్లకే 72 వచ్చాయి. ఎందుకు? ఒకరి ఓట్లు దేశమంతా పలచగా పరుచుకున్నాయి, ఇంకొకరివి గెలవగల నియోజకవర్గాల్లో పోగుపడ్డాయి. మరి ఓట్ల శాతాన్ని బట్టే సీట్లు ఇస్తే, ఒక ఊరికి ఒక ఎంపీ అనే బంధం ఏమవుతుంది? ఇక్కడిదాకా ఆలోచించి మీ అభిప్రాయం చెప్పారంటే ఆసక్తి ఉందని వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఆ సీ వచ్చిన ఎకనామిక్స్ సంగతి. రెండో ప్రశ్నలో దాన్ని దాచకండి, క్షమాపణా చెప్పకండి. ఆ ఓట్ల పట్టికను చదవడం, అంకెల వెనక కారణం వెతకడం ఆ క్లాసులోనే అలవాటైందని రాయండి, అది నిజమైతేనే.

మూడో ప్రశ్నకు పెద్ద ఇంటర్న్‌షిప్ ఏదీ అక్కర్లేదు. తాతయ్య సంరక్షణ సాయం కోసం స్థానిక కౌన్సిల్‌కు మీరే ఫోన్లు చేసి ఉంటే, ఎవరు నిర్ణయిస్తారు, డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది అన్నది దగ్గర నుంచి చూసినట్టే. అది ఎంపీ ఆఫీసులో వారం రోజులు టీ అందించిన అనుభవం కంటే బరువైనదని నేను గట్టిగా నమ్ముతాను. పార్లమెంటు చర్చల రికార్డు హాన్సర్డ్ ఆన్‌లైన్‌లో ఉచితం. ఒక్క బిల్లు మీద జరిగిన చర్చ మొత్తం చదివినా రాయడానికి బోలెడంత సరుకు దొరుకుతుంది.

ఆఫర్లు వచ్చాక

ఒకటి ఫర్మ్‌గా (మొదటి ఎంపిక), ఒకటి ఇన్సూరెన్స్‌గా (అది తప్పితే ఆదుకునేది) ఉంచుకోవచ్చు. ఇన్సూరెన్స్ కచ్చితంగా తక్కువ గ్రేడ్లు అడిగేదే అయ్యుండాలి. రెండూ ఒకే గ్రేడ్లు అడిగితే రెండోది ఉన్నా లేనట్టే. ఆగస్టు ఫలితాల్లో ఒక గ్రేడ్ తగ్గితే ముందు యూకాస్‌లో మీ స్టేటస్ చూడండి, కొన్ని యూనివర్సిటీలు అయినా చేర్చుకుంటాయి. లేకపోతే మిగిలిపోయిన సీట్లు భర్తీ చేసే క్లియరింగ్ ఉంది. యూనివర్సిటీకి ఫోన్ మాత్రం అమ్మానాన్నలు కాకుండా మీరే చేయాలి, వాళ్లు మాట్లాడాలనుకునేది మీతోనే. ప్రిడిక్షన్ కంటే ఫలితాలు బాగా వచ్చినవారు తొందరపడి ఏదో ఒకదాంట్లో చేరకుండా, చేతిలో ఉన్న అసలు గ్రేడ్లతో మరుసటి ఏడాదికి కొత్తగా దరఖాస్తు చేసుకోవచ్చు. ఆక్స్‌ఫర్డ్ గానీ కేంబ్రిడ్జ్ గానీ మనసులో ఉంటే ఆగస్టు నుంచి అక్టోబర్ 15కి రెండు నెలలే ఉంటుంది, కాబట్టి రిఫరెన్స్ కోసం స్కూలుకు ఫలితాలు వచ్చిన వారంలోనే చెప్పండి.